శిక్షణలో హెలికాప్టర్ పైకి ఎగరకుండానే ఎలా బోల్తా పడుతుంది? మా అమ్మాయిని పంపవచ్చా?

పరకాల దగ్గర నుంచి ఒక తండ్రి గారు అడిగిన ప్రశ్న ఇది. వారి అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది, హెలికాప్టర్ పైలట్ అవుతానంటోంది. ఈలోగా ఇంట్లో అందరూ ఫోనులో ఒక వీడియో చూశారు. శిక్షణలో ఉన్న విద్యార్థి హెలికాప్టర్‌ను నేల నుంచి మూరెడు ఎత్తు లేపాడో లేదో, అది ఒక పక్కకు ఒరిగి, రెక్కలు నేలకు కొట్టుకుని ముక్కలై, బోల్తా పడింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అమ్మగారికి నిద్ర లేదు. "పైకి ఎగరనే లేదు కదా, ఎలా పడిపోయింది? తప్పు ఎవరిది? ఇంజిన్ ఆగిపోతే హెలికాప్టర్ రాయిలా పడుతుందంటారు, నిజమేనా? అమ్మాయిని పంపవచ్చా, వద్దా?" అని అడిగారు.

ముందు జవాబు చెబుతాను. పంపవచ్చు. ఇంజిన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడదు. మీరు చూసిన ప్రమాదం మాత్రం హెలికాప్టర్ శిక్షణ ఎంత పాతదో అంత పాతది, దానికి డైనమిక్ రోల్‌ఓవర్ అని పేరు. నా అనుభవంలో శిక్షణ హెలికాప్టర్‌కు ఆపద ఆకాశంలో కన్నా నేలకు పది అడుగుల లోపే ఎక్కువ. అక్కడ మనిషిని కాపాడేది ఎడమ చేయి. విద్యార్థి ఎడమ చేయి, పక్కన కూర్చున్న శిక్షకుడి ఎడమ చేయి. ఎందుకో వివరంగా చెబుతాను.

నేను కాజీపేటలో ఉంటాను. చిన్నప్పుడు మామునూరు రన్‌వే చూసి ఎగరాలన్న కోరిక పుట్టినవాణ్ణి. నిజాం కాలంలో 1930లో కట్టిన విమానాశ్రయం అది, 1981 దాకా నడిచింది. తరువాత సైన్యంలో చేరి చేతక్, చీతా హెలికాప్టర్లు నడిపాను, నేర్పాను. పదవీ విరమణ చేశాక కొన్నేళ్లు ఒక పౌర శిక్షణ సంస్థలో రెండు సీట్ల చిన్న పిస్టన్ హెలికాప్టర్ల మీద విద్యార్థులకు నేర్పాను. మీరు వీడియోలో చూసిన ప్రమాదం నా పక్క సీటులోనే ఒకసారి జరిగింది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

హెలికాప్టర్‌లో పైలట్ చేతికి, కాలికి కలిపి మూడు నియంత్రణలు ఉంటాయి. కుడి చేతిలో సైక్లిక్, కాళ్ల కింద పెడల్స్, సీటు పక్కన ఎడమ చేతికి అందేలా కారు చేతి బ్రేకు లాంటి ఒక కడ్డీ. ఆ కడ్డీ పేరు కలెక్టివ్. దాన్ని పైకి లాగితే రెక్కలన్నీ ఒకేసారి కోణం మార్చుకుని గాలిని గట్టిగా కిందికి తోస్తాయి, హెలికాప్టర్ లేస్తుంది. దించితే దిగుతుంది. సైక్లిక్ ఎటు వంచితే హెలికాప్టర్ అటు పోతుంది. పెడల్స్ ముక్కును తిప్పుతాయి. చెప్పడానికి ఇంతే, కానీ ఒకదాన్ని కదిపితే మిగతా రెండింటినీ వెంటనే సరిచేయాలి. కలెక్టివ్ కొంచెం లాగితే చాలు, ముక్కు పక్కకు తిరిగిపోతుంది. ఫ్రెంచి మూలం ఉన్న మన చేతక్‌లో ఎడమకు తిరుగుతుంది, రెక్కలు ఎదురు దిశలో తిరిగే అమెరికా హెలికాప్టర్లలో కుడికి తిరుగుతుంది. ఒక రకం మీద అలవాటైన కాలు రెండో రకం మీద మోసం చేస్తుంది.

గాలిలో ఒకే చోట కదలకుండా నిలబెట్టడాన్ని హోవర్ అంటాం. విద్యార్థికి అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే. మొదటి వారమంతా అరచేతులు తడిసిపోతాయి, సైక్లిక్‌ను పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకుంటారు. గట్టిగా పట్టుకున్నకొద్దీ హెలికాప్టర్ ఊగుతుంది. ఏదో ఒక ఉదయం ఉన్నట్టుండి చేతికి వస్తుంది, సైకిల్ వచ్చినట్టు. అలా వచ్చిన తరువాత పది పదిహేను గంటలు, విద్యార్థికి ధైర్యం పెరిగి ఇంకా ఒడుపు కుదరని ఆ కాలంలోనే, శిక్షకుడు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాలి.

ఇక బోల్తా సంగతి. పొలం ఉన్నవాళ్లు కనుక మీకు సులువుగా అర్థమవుతుంది. వానకు నానిన నల్లరేగడిలో ట్రాక్టర్ వెనుక చక్రాలు దిగబడ్డాయనుకోండి. డ్రైవర్ కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కుతాడు. చక్రం కదలదు, ఇంజిన్ బలం మాత్రం ఎటో ఒక వైపు పోవాలి. దిగబడిన చక్రాన్నే ఇరుసుగా చేసుకుని ముందు భాగం గాలిలోకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. అలా పోయిన ప్రాణాలు మన ఊళ్లలో ఉన్నాయి. ఆ క్షణంలో చేయవలసింది క్లచ్ తొక్కడం, బలం తీసేయడం. కానీ దిగబడ్డామన్న భయం కాలిని యాక్సిలరేటర్ మీదికే తోస్తుంది.

చిన్న శిక్షణ హెలికాప్టర్‌కు చక్రాల బదులు రెండు పక్కలా రెండు స్కిడ్లు, అంటే నేలకు ఆనే పొడవాటి కడ్డీలు, ఉంటాయి. వాటిలో ఒకటి బురదలోనో, గడ్డి కుదుళ్లలోనో, ఒక రాయి అంచునో ఇరుక్కుంది. పైలట్ కలెక్టివ్ లాగాడు. ఒక స్కిడ్ లేచింది, రెండోది లేవలేదు. ఇప్పుడు హెలికాప్టర్ పైకి పోవడం మానేసి, ఇరుక్కున్న స్కిడ్ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఆపి ఉంచిన హెలికాప్టర్‌ను పక్కకు వంచితే బాగా దూరం ఒరిగితే గానీ పడదు. రెక్కలు బలంగా లాగుతున్నప్పుడు అందులో సగం ఒరగకముందే పరిస్థితి చేయి దాటిపోతుంది. అక్కడి నుంచి సైక్లిక్‌ను ఎదురు పక్కకు ఎంత వంచినా లాభం లేదు, కలెక్టివ్ ఇంకా లాగితే ఇంకా తొందరగా పడుతుంది. మొత్తం జరగడానికి రెండు మూడు సెకన్లు చాలు.

నా సంగతి చెబుతాను.

అది జూలై నెల. రాత్రంతా వాన కురిసి తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది. విద్యార్థికి అప్పటికి ఇరవై గంటలు దాటాయి. హోవర్ చక్కగా చేస్తున్నాడు, మరో వారంలో ఒంటరిగా పంపవచ్చని నేను లెక్క వేసుకుంటున్న రోజులు. సిమెంటు నేల మీద మరో హెలికాప్టర్ నిలిపి ఉండడంతో మేము పక్కనున్న గడ్డి నేల మీద దిగాం. దిగి, అతను చేసిన ఒక చిన్న పొరపాటు గురించి రెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ రెండు నిమిషాలూ రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ అదురుకు కుడి స్కిడ్ కొద్దికొద్దిగా మెత్తటి మట్టిలోకి దిగింది. మాకు తెలియలేదు.

మళ్లీ లేపమన్నాను. మా హెలికాప్టర్ రోజూ లేచేటప్పుడు కుడి స్కిడ్ ముందు లేచేది, ఎడమది తరువాత. ఆ రోజు ఎడమది ముందు లేచింది. మాకు దొరికిన హెచ్చరిక అదొక్కటే. నేను దాన్ని గమనించాను. గమనించి, అతనే సరిచేసుకుంటాడు, నేర్చుకోనిద్దాం అనుకున్నాను. ఆ ఆలోచనకు ఒక్క సెకను పట్టింది. అతను సైక్లిక్‌ను ఎడమకు నొక్కుతూనే, నేలను వదిలించుకోవాలని కలెక్టివ్‌ను ఇంకా పైకి లాగాడు. "కంట్రోల్స్ నావి" అని అరిచి నేను కలెక్టివ్‌ను కిందికి తోసేసరికి నా వైపు గాలిలోకి లేచిపోయింది, అతని వైపు నేలకు వెళుతోంది.

రెక్క నేలను కొట్టిన చప్పుడు చెవితో కాదు, వెన్నెముకతో విన్నట్టు ఉంటుంది. తరువాత నిశ్శబ్దం. నేను బెల్టుకు వేలాడుతున్నాను, అతను నా కింద ఉన్నాడు. అతని పక్క కిటికీ నిండా నల్లమట్టి, అందులో తెగిన గడ్డి వేళ్లు తెల్లగా కనబడుతున్నాయి. పెట్రోలు వాసన వచ్చింది. ఇంధనం వాల్వు మూసి, స్విచ్చులన్నీ ఆపి, ఒక చేతితో పైన తలుపు చట్రం పట్టుకున్నాక రెండో చేతితో బెల్టు విప్పాను. అలా పట్టుకోకుండా విప్పి ఉంటే నేరుగా అతని మీద పడేవాణ్ణి. అతన్ని పైకి లాగి బయటికి తెచ్చాను. కాలర్ బోన్ విరిగింది, అంతకు మించి ఏమీ కాలేదు. గడ్డిలో కూర్చోబెట్టాక అతను అడిగిన మొదటి మాట, "సార్, నేను లాగకూడదా?"

లాగకూడదు. దించాలి. స్కిడ్ ఇరుక్కుందన్న అనుమానం వచ్చిన క్షణంలోనే కలెక్టివ్‌ను మెల్లగా, మధ్యలో ఆపకుండా కిందికి దించాలి. ఒక్కసారిగా కింద పడేస్తే ఎదురు పక్కకు ఒరిగే ముప్పు ఉంది కనుక మెల్లగా అన్నాను. ఇది ఆ అబ్బాయికి తెలియక కాదు. పరీక్షలో రాయమంటే తప్పు లేకుండా రాసేవాడు. భయం వేసినప్పుడు నేల నుంచి దూరంగా పోవాలనిపించడం మనిషి నైజం, కలెక్టివ్ లాగితే నేల దూరమవుతుందని చేతికి అలవాటైంది. ఆ నైజాన్ని మార్చడమే శిక్షణ. అది మాటలతో రాదు, చేతితో వందసార్లు చేయిస్తే వస్తుంది.

విచారణలో నా వాంగ్మూలంలో రెండు తప్పులు రాశాను, రెండూ నావే. దిగే ముందు నేల చూడకపోవడం, ఎడమ స్కిడ్ ముందు లేచినప్పుడు చేయి వేయకపోవడం. విద్యార్థి తప్పు చేస్తాడన్నది ముందే తెలిసిన విషయం, ఆ తప్పు కోసమే పక్క సీటులో నేను కూర్చున్నాను. ఆ తరువాత నా పద్ధతి రెండు విధాలుగా మారింది. తడి నేల మీద దిగాల్సి వస్తే ముందుగా నడిచి వెళ్లి, బూటు మడమతో నొక్కి చూసేవాణ్ణి. మడమ దిగితే అక్కడ దిగేది లేదు. రెండోది, హెలికాప్టర్ ఎక్కక ముందే విద్యార్థితో ఒక ఒప్పందం. "పైన ఉన్నప్పుడు నువ్వు తప్పు చేస్తే మాటతో చెబుతాను, నువ్వే సరిచేసుకో. నేలకు అయిదు అడుగుల లోపు మాట ఉండదు, చేయి వేస్తాను. నేను 'కంట్రోల్స్ నావి' అనగానే నువ్వు పూర్తిగా వదిలేయాలి. బాధపడకు." ఇద్దరూ ఒకే కడ్డీని చెరో వైపు లాగి ప్రమాదం తెచ్చుకున్న కథలు మా వృత్తిలో తక్కువేమీ కాదు.

శిక్షకుడికి అన్నిటికన్నా కష్టమైన విద్య ఇదే. మరీ ముందుగా అందుకుంటే విద్యార్థికి తన తప్పు తనకు తెలియదు, ఒంటరిగా వెళ్లిన రోజున అదే తప్పు చేస్తాడు. ఆలస్యంగా అందుకుంటే ఏమవుతుందో నేను చూశాను. ఆ గీత ఎక్కడుందో కొన్ని వందల గంటలు నేర్పితే గానీ తెలియదు. ఈ మాట నేను ఒక్కణ్ణే అనడం లేదు. రాబిన్సన్ ఆర్22 అనే రెండు సీట్ల హెలికాప్టర్‌తో ప్రపంచంలో ఎంతోమంది శిక్షణ పొందారు. దానికి 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రమాదాలు పెరిగాయని చూసి 1995లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ దానికోసం ప్రత్యేక నియమం తెచ్చింది. కొత్త విద్యార్థి ఆ హెలికాప్టర్‌లో శిక్షకుడితో కనీసం 20 గంటలు ఎగిరితే గానీ ఒంటరిగా వెళ్లకూడదు. శిక్షకుడికి హెలికాప్టర్ల మీద కనీసం 200 గంటలు, అందులో ఆ రకం మీదే 50 గంటలు ఉండాలి. అంటే వాళ్లు యంత్రంతో పాటు, దాన్ని నేర్పే మనిషిని కూడా చూశారు. మీరూ అదే చూడాలి.

ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుందన్నది మీ మరో ప్రశ్న. మేడారం జాతరలో పిల్లలకు కాగితపు గాలిచక్రం కొనిస్తాం కదా, దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తితే దానంతటదే తిరుగుతుంది. ఇంజిన్ ఆగిన హెలికాప్టర్ కిందికి దిగుతున్నప్పుడు కింది నుంచి ఎదురయ్యే గాలి రెక్కలను అలాగే తిప్పుతూ ఉంటుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. పైలట్ చేయవలసిన మొదటి పని మళ్లీ ఎడమ చేతిదే. వెంటనే కలెక్టివ్ పూర్తిగా దించాలి. దించకపోతే రెక్కల వేగం పడిపోతుంది, ఒక హద్దు దాటి పడిపోయిన వేగం మళ్లీ రాదు. చేతక్ లాంటి బరువైన రెక్కల హెలికాప్టర్ కొంచెం వ్యవధి ఇస్తుంది. ఆర్22 లాంటి తేలికపాటి దానిలో ఒక సెకను, మహా అయితే ఒకటిన్నర సెకను. దించిన తరువాత ముందుకు వేగం నిలుపుకుంటూ జారుతూ వచ్చి, నేల దగ్గర ముక్కు ఎత్తి వేగం తగ్గించి, చివరి కొన్ని అడుగుల్లో దాచుకున్న రెక్కల బలాన్ని ఒక్కసారి వాడుకుని మెత్తగా దిగాలి. దీన్ని మేము వందలసార్లు చేయిస్తాం.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇంజిన్ నిజంగా ఆగడం అరుదు, దాన్ని సాధన చేయడం మాత్రం రోజూ ఉంటుంది. సాధనలోనే జరిగిన ప్రమాదాలు చాలా ఉన్నాయి. విద్యార్థికి చెప్పకుండా ఉన్నట్టుండి థ్రాటిల్, అంటే ఇంజిన్ బలం, తగ్గించి పరీక్షించే శిక్షకులు కొందరు ఉండేవారు. కొత్త విద్యార్థితో, తేలిక హెలికాప్టర్‌లో, తక్కువ ఎత్తులో అలా చేయడం నేను ఒప్పుకోను. ముందు మాట చెప్పి, తగినంత ఎత్తులో, కింద దిగడానికి చోటు చూసుకుని చేయించాలి. చెప్పకుండా చేసే పరీక్ష చివరి దశలో, చేతికి అలవాటు పడ్డాక.

ఇంకో విషయం, ఎత్తు తక్కువ, వేగమూ తక్కువ ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే ఆటోరొటేషన్‌కు వ్యవధి చాలదు. ప్రతి హెలికాప్టర్ పుస్తకంలో ఒక పటం ఉంటుంది, ఏ ఎత్తులో ఏ వేగంలో ఉండకూడదో అందులో నల్లగా గీసి చూపిస్తారు. మీ అమ్మాయి శిక్షణకు వెళితే మొదట బట్టీ పట్టవలసిన పేజీ అది.

మన ప్రాంతం గురించి ఒక మాట. ఎండ హెలికాప్టర్‌కు శత్రువు. వేడి గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు దొరకదు. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది, అంటే 900 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. అంతకు మించిన ఒక్కో డిగ్రీకి గాలి సుమారు 120 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచనవుతుందని లెక్క. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు ఉంటే తేడా 31 డిగ్రీలు, అంటే దాదాపు 3,700 అడుగులు. హెలికాప్టర్ నిలబడింది వరంగల్‌లోనే, దాని రెక్కలకు మాత్రం 4,600 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు ఎండ ఇంకా ఎక్కువే. చిన్న పిస్టన్ హెలికాప్టర్‌లో ఇద్దరు బరువైన మనుషులు కూర్చుని, ట్యాంకు నింపుకుని, ఆ మధ్యాహ్నం హోవర్‌కు లేపితే ఇంజిన్ దగ్గర మిగులు బలమేమీ ఉండదు. విద్యార్థి చిన్న తప్పు చేస్తే సరిదిద్దడానికి ఏమీ మిగలదు. ఎండాకాలంలో నేను తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది వరకే నేర్పేవాణ్ణి. ఒకసారి పదకొండింటికి ఎగరాలని కార్యాలయం వాళ్లు ఒత్తిడి చేశారు, గంటలు వెనకబడ్డాయని. బరువు లెక్క కాగితం మీద వేసి చూపించి కాదన్నాను. ఆ విద్యార్థి ముందే అన్నాను, కాదనడం కూడా తను నేర్చుకోవాలని.

తీగలు మరో బెడద. మన పొలాల్లో బావి దగ్గరి మోటారుకు, బోరుకు ఎటు చూసినా కరెంటు తీగలే. పై నుంచి చూస్తే తీగ కనబడదు, స్తంభం కనబడుతుంది. రెండు స్తంభాలు కనబడితే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. నేరుగా నిట్టనిలువుగా, ఇంజిన్ బలం వాడుతూ వేగంగా దిగితే హెలికాప్టర్ తన గాలిలో తానే కూరుకుపోవడం, పక్కగాలికి తోక రోటర్, అంటే తోక చివర తిరిగే చిన్న రెక్కలు, పట్టు తప్పి గిరగిరా తిరగడం, ఇవి కూడా ఉన్నాయి. అమ్మాయి పుస్తకాల్లో చదువుతుంది, ఇక్కడ పెంచను.

హెలికాప్టర్ అనగానే మన తెలుగువాళ్లకు 2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు మరణించిన ఘటనలు కళ్ల ముందుకు వస్తాయి. మీ ఇంట్లో అమ్మగారి భయం వెనుక అవి కూడా ఉంటాయని నాకు తెలుసు. అవి ప్రయాణంలో జరిగినవి. అక్కడ అనుభవం ఉన్న పైలట్లు దూరం వెళుతున్నారు, గమ్యం చేరాలన్న ఆత్రం, వాతావరణం, అడవి ఇవన్నీ ఉంటాయి. శిక్షణలో ఎగిరేది ఎక్కువగా తెలిసిన నేల మీద, పగటి వెలుగులో, తక్కువ వేగంలో. అందుకే చాలా శిక్షణ ప్రమాదాల్లో యంత్రం పోతుంది, మనుషులు బతుకుతారు. అందరూ బతుకుతారని చెప్పడం లేదు. అలా చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టు. కానీ వాతావరణం బాగా లేనప్పుడు వెనక్కి తిరిగే అలవాటు శిక్షణలోనే పడాలి, అది పడనివాడు పదివేల గంటలు ఎగిరినా భద్రం కాదు.

రెండో వైపు కూడా చూడండి. 2023 జూలైలో మొరంచవాగు పొంగి మీ పక్క జిల్లా భూపాలపల్లిలో ఊళ్లు మునిగినప్పుడు, నైన్‌పాకలో వరద మధ్య జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను వాయుసేన హెలికాప్టర్ వచ్చి తీసుకువచ్చింది. నీటి మధ్యలో, మనిషి ఎక్కేదాకా ఒకే చోట నిలబెట్టే ఆ విద్య పేరు హోవర్. మొదటి వారం అరచేతులు తడిసే ఆ పాఠమే.

"తప్పు ఎవరిది" అన్నారు. వీడియో చూసి చెప్పకండి, ఎవరు చెప్పినా నమ్మకండి. మన దేశంలో పౌర విమానాల, హెలికాప్టర్ల ప్రమాదాలను విచారించడానికి 2012 నుంచి విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, ఏఏఐబీ ఉంది. దాని పని మళ్లీ జరగకుండా కారణం వెతకడం, శిక్ష వేయడం దాని పని కాదు. దాని నివేదికలు ఎవరైనా చదువుకునేలా వెబ్‌సైట్‌లో పెడతారు. అమ్మాయితో కూర్చుని శిక్షణ ప్రమాదాల నివేదికలు నాలుగైదు చదవండి. చదివాక కూడా ఆమెకు వెళ్లాలనిపిస్తే అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం అవుతుంది. నేను శిక్షణకు వచ్చిన ప్రతి ఒక్కరితో మొదటి వారంలో ఆ పని చేయించేవాణ్ణి. భయపడి వెళ్లిపోయినవాళ్లు ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ సరైన పనే చేశారు.

సంస్థకు వెళ్లినప్పుడు గోడ మీది ఫొటోలు, వసతిగృహం చూసి తిరిగి రాకండి. మా అమ్మాయి పక్కన కూర్చునే శిక్షకుడు ఎవరు, నేర్పడంలో ఆయనకు ఎన్ని గంటల అనుభవం ఉందో అడగండి. మొత్తం ఎగిరిన గంటలు వేరు, నేర్పిన గంటలు వేరు. మధ్యలో ఎంతమంది శిక్షకులు మారతారో అడగండి, నెలకో కొత్త మనిషి వస్తే ఆ ఒప్పందం కుదరదు. గత మూడేళ్లలో ఏమేమి ప్రమాదాలు, పొరపాట్లు జరిగాయో నేరుగా అడగండి. "మా దగ్గర ఏమీ జరగలేదు" అనే చోటు కన్నా, జరిగినదాన్ని చెప్పి ఏమి మార్చుకున్నారో చూపించే చోటు మంచిది. హెలికాప్టర్ ఇంధనం ట్యాంకు లోపల రబ్బరు సంచి లాంటి పొర ఉందో లేదో కూడా అడగండి. ఆర్22 తయారుచేసిన రాబిన్సన్ వారిదే నాలుగు సీట్ల ఆర్44 రకంలో మామూలు బోల్తాకే ట్యాంకు చిట్లి మంటలు రేగిన ఘటనలు చూసి, పాత హెలికాప్టర్లకూ ఆ పొర ఉన్న ట్యాంకులు వేయించుకోమని తయారీ సంస్థే 2010లో సూచించింది. నేను పెట్రోలు వాసనలో వేలాడినవాణ్ణి కనుక ఈ ప్రశ్న మీరు మరచిపోకూడదని కోరుకుంటున్నాను. వీలైతే ఒక ఉదయం అక్కడ కంచె బయట నిలబడి రెండు గంటలు చూడండి. హెలికాప్టర్ ఎక్కే ముందు శిక్షకుడు, విద్యార్థి నేల మీద నిలబడి ఎంతసేపు మాట్లాడుకుంటున్నారో చూస్తే మీకే అర్థమవుతుంది.

అమ్మాయిలు ఈ దారిలో కొత్త కాదు. వాయుసేనలో 1990ల నుంచే మహిళలు హెలికాప్టర్లు నడుపుతున్నారు. సైన్యంలో 2022 మేలో కెప్టెన్ అభిలాష బరాక్ నాసిక్‌లో శిక్షణ ముగించి తొలి మహిళా యుద్ధ హెలికాప్టర్ పైలట్ అయ్యారు. వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల మన హైదరాబాద్ పక్కన హకీంపేటలోనే ఉంది. సేనల దారిలో వెళితే ఖర్చు ప్రభుత్వానిది, ఎంపిక కఠినం. పౌర లైసెన్సు దారిలో వెళితే 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, వాణిజ్య లైసెన్సుకు హెలికాప్టర్ మీద కనీసం 150 గంటలు ఎగరాలి. ఖర్చు భూమి అమ్మేంత ఉంటుంది. నన్ను అడిగితే ముందు సేనల పరీక్షలకు కూర్చోబెట్టండి.

ఏ దారి అయినా, ఎక్కడా ఒక్క రూపాయి కట్టక ముందే వైద్య పరీక్ష చేయించండి. మొదట రెండో తరగతి, తరువాత ఒకటో తరగతి అని రెండు పరీక్షలు ఉంటాయి, గుర్తింపు ఉన్న వైద్యులే చేయాలి. రంగులు గుర్తించడంలో లోపం ఉన్నట్టు ఫీజు కట్టాక తెలిసిన ఒక కుటుంబాన్ని నేను చూశాను. ఆ పరీక్ష గట్టెక్కాక, అమ్మాయికి ఇంకా అడగాలనిపించేవి ఉంటే ఆమెనే స్వయంగా ఇక్కడ రాయమనండి. అమ్మగారు అడిగినా సరే, ఓపికగా చెబుతాను.